కడిగిన కంప్యూటర్లు, తుడిచిపెట్టిన కంప్యూటర్లు

ముందే చెప్పేస్తాను, నేను చదివింది ఏడో తరగతి. హన్మకొండలో మొగిలి సార్ కంప్యూటర్ రిపేరు షాపులో ఊడ్చి, నీళ్లు పట్టే పనికి చేరాను. ఇరవై రెండేళ్ల తర్వాత అదే షాపులో మెకానిక్ బెంచీ దిగి ఇంటికి వచ్చాను. మధ్యలో జరిగిందల్లా ఏమిటంటే, కంప్యూటర్లకు వైరస్‌లు వచ్చాయి. అవి రాకపోతే నేను ఇంకా ఊడుస్తూనే ఉండేదాన్ని. అందుకే వైరస్ తయారుచేసేవాళ్లను ఊరంతా తిడుతుంటే నాకు నోరు రాదు. ఒక రకంగా నాకు అన్నం పెట్టినవాళ్లు.

ఇప్పుడు మడికొండలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎవరో ఒకరు నన్ను వెతుక్కుంటూ వస్తారు. అందరూ అడిగేది ఒక్కటే. "పెద్దమ్మా, వైరస్ వస్తే క్లీన్ జేయాల్నా, ఫార్మాట్ కొట్టాల్నా?" క్లీన్ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి పురుగును మాత్రం ఏరి పారేయడం. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచిపెట్టి కొత్తగా మొదటి నుంచి ఎక్కించడం. ఈ ప్రశ్నకు రెండు తప్పు జవాబులు దగ్గరుండి చూశాను. మొదటిది మా సారు చెప్పింది. రెండోది నేను చెప్పింది. నా తప్పు వల్ల కాశిబుగ్గలో ఓదెలన్న అనే నేత మనిషి, తండ్రి నుంచి వచ్చిన జంపఖానా నమూనాలన్నీ పోగొట్టుకునే దాకా వచ్చాడు. మంచి పేరున్న మెకానిక్ ఎంత చెడగొట్టగలదో తెలియాలని ఇది రాస్తున్నాను.

మొగిలి సారు మందు

మొగిలి సార్ దగ్గర అన్ని జబ్బులకూ ఒకటే మందు ఉండేది.

"సారు, జర స్లో అయితాంది."

"ఫార్మాట్."

"సారు, ప్రింటర్ వస్తలేదు."

"ఫార్మాట్."

ఒకసారి ఒకాయన ఒట్టి మానిటర్ మోసుకుని వచ్చాడు. అది ఉత్త తెర, లోపల తుడవడానికి ఏమీ ఉండదు. సారు పేపర్ లోంచి తల ఎత్తకుండానే ఫార్మాట్ అన్నాడు. ఆయన కూడా సరే అని బల్ల మీద పెట్టాడు. మా షాపులో జ్ఞానం ఆ ఎత్తున ఉండేది.

నేను పని నేర్చుకున్నది చీపురు పట్టుకుని. నాకు ఇంగ్లీషు రాదు గానీ చూసింది మరిచిపోను. ఎవరి పెండ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో ఇప్పుడు అడిగినా చెబుతాను. అట్లాగే ఏ తెర తర్వాత ఏ తెర వస్తుందో, ఏ బొత్తాం ఏ మూలన ఉంటుందో, సారు ఎక్కడ ఆగి తల గోక్కుంటాడో అన్నీ పట్టేశాను. సారుకు జ్వరం వచ్చిన వారం నాలుగు కంప్యూటర్లు నేనే బాగుచేశాను. లేచి వచ్చి చూసి, "ఎవరు జేసిన్రు?" అన్నాడు. "నేనే సారు" అన్నాను. చీపురు తీసి మూలన పెట్టి, "రేపటి సంది బెంచీ మీద కూసో" అన్నాడు. ఆయనలో నాకు నచ్చిన గుణం అది. తీర్మానం చేయడానికి ఆలోచించడు. నచ్చని గుణమూ అదే.

బెంచీ మీద కూర్చున్న తర్వాత కూడా వచ్చినవాళ్లు నా తల మీదుగా లోపలికి చూసి, "మెకానిక్ లేడా?" అని అడిగేవారు. "ఉన్నది. చెప్పు" అనేదాన్ని. అప్పుడు వాళ్లు చెప్పే మాట ఇరవై రెండేళ్లలో ఒక్క అక్షరం మారలేదు. "నేనేం జేయలే అక్కా. దానంతట అదే అయింది." వరంగల్‌లో ఇంతవరకు ఎవరూ ఏ బొత్తామూ నొక్కలేదు. వచ్చిన వైరస్‌లన్నీ బామ్మర్ది పెన్‌డ్రైవ్ లోంచే వచ్చాయి. బామ్మర్దులు లేని ఊరు ఉంటే అక్కడ కంప్యూటర్లు శుభ్రంగా ఉంటాయని నా నమ్మకం.

దసరా వెళ్లిన మర్నాడు బట్టల దుకాణం సేటు ఒకాయన తన కంప్యూటర్ తెచ్చి పెద్ద వైరస్ అన్నాడు. సారు తన మందు చెప్పాడు. నేను మూత విప్పి చూస్తే ఆయుధపూజ అక్షింతలు ఫ్యాన్‌లో ఇరుక్కుని ఉన్నాయి, లోపలంతా కుంకుమ. బ్రష్షుతో దులిపాను, నడిచింది. సేటు మాత్రం వైరసే అని చాలా రోజులు వాదించాడు. పూజ చేసిన చెయ్యి తనది కదా.

ఏటూరునాగారం పంతులు

నవ్వుకునేవి ఇట్లాంటివి చాలా ఉన్నాయి. నవ్వలేనిది ఒకటి.

ఏటూరునాగారం నుంచి ఒక పంతులు సారు కంప్యూటర్ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అక్కడి గూడేల్లో ముసలమ్మలు మాట్లాడే కోయ మాటలు సేకరించి, ఎన్నో ఏండ్లుగా అందులో ఎక్కించుకుంటున్నాడట. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. మేము అడగలేదు.

"ఎంతసేపు పడ్తది?" అన్నాడు.

"గంట. చాయ తాగి రాండ్రి" అన్నాడు మొగిలి సార్.

ఆయన నమ్మి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కంప్యూటర్ కొత్త పెండ్లికొడుకులా మెరుస్తోంది. కుర్చీ లాక్కుని కూర్చుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నా మాటల ఫైలు ఏది?"

"ఏ ఫైలు? మీరు చెప్పలేదు."

"మీరు అడగలేదు."

ఇద్దరూ చెప్పింది నిజమే. ఆయన అరవలేదు. ఒక తెల్లకాగితం అడిగాడు. నేను నాలుగు ఇచ్చాను. మా బల్ల చివర కూర్చుని గుర్తున్న మాటలు రాయడం మొదలుపెట్టాడు. రెండు వైపులా నింపాడు. నాలుగో కాగితం సగంలో కలం ఆగింది. "ఇంకా ఉండె. చెప్పినామె పోయినేడు చచ్చిపోయింది" అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

ఆ రోజు మొగిలి సార్ షాపులో అందరికీ బిర్యానీ తెప్పించాడు. ఎందుకో ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఎవరికీ సరిగ్గా దిగలేదు.

ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా సారు ఒక పద్ధతి మార్చుకున్నాడు. పెద్ద డిస్కు ఒకటి కొని బీరువాలో పెట్టాడు. ఎవరి కంప్యూటర్ వచ్చినా ముందు అందులోకి కాపీ తీసి, ఆ తర్వాతే ఫార్మాట్ కొట్టేవాడు. ఇది గొప్ప మార్పు. ఆయన నోటితో చెప్పలేదు కాబట్టి నేను దాన్ని గొప్పగా చూడలేదు. నేను ఇంకో వైపు వెళ్లాను.

ఫార్మాట్ కొట్టని అక్క

నా ఒట్టు ఏమిటంటే, ఎవరి కంప్యూటరూ తుడవను. కడిగే ఇస్తాను.

ఆ రోజుల్లో ఒక వైరస్ ఊరంతా తిరిగేది. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ దాచిపెట్టి, వాటి పేర్లతో ఉత్త బాణం గుర్తులు మిగిల్చేది. ఫైళ్లు లోపలే ఉంటాయి, కంటికి కనబడవు. చూసినవాళ్లు గుండె పట్టుకునేవారు. నల్ల తెర ఒకటి తెరిచి ఒక వరుస ఇంగ్లీషు అక్షరాలు కొడితే దాచినవన్నీ బయటికి వస్తాయి. ఆ అక్షరాల అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. వరుస మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అది కొట్టి ఎంటర్ నొక్కగానే ఫోల్డర్లు ఒక్కొక్కటి పైకి తేలేవి. వెనక నిలబడ్డవాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు. దవాఖానలో కాన్పు గది బయట కూడా అంత సంతోషం చూడలేదు.

ఇక పేరు వచ్చింది. ఫార్మాట్ లేకుండా బాగుచేసే అక్క ఉన్నదని చెప్పుకుని ములుగు నుంచి, నర్సంపేట నుంచి వచ్చేవారు. మక్కకంకులు తెచ్చేవారు, బత్తాయిలు తెచ్చేవారు. సారును దాటి నా దగ్గరికి వచ్చేవారు. నేను లోపల్లోపల మురిసేదాన్ని. లోపలే కాదు, బయట కూడా మురిసేదాన్ని.

సారు బెంచీ వెనక నిలబడి ఎగతాళి చేసేవాడు. "ఏం కనకమ్మా, పేన్లు చూస్తానవా?"

"మీరు గుండు గొడ్తరు, నేను పేన్లు చూస్త సారు. ఎవలి పని వాళ్లది."

"గుండు గొడ్తే పేను మిగులదు."

"ఎంట్రుకలైతే మళ్ల మొలుస్తయి. ఏటూరునాగారం పంతులుకు మాటలు మొలిచినయా?"

ఆయన బీరువా వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు గూడ కాపీ తీస్కొని చెయ్యి పెట్టు" అన్నాడు.

"నేను తుడుస్తలేను గద సారు. నాకెందుకు కాపీ?"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా వృత్తిలో నేను మాట్లాడిన అన్ని మాటల్లో దీన్ని మించిన తెలివితక్కువ మాట లేదు. ఆ రోజు మాత్రం షాపులో నిలబడ్డ నలుగురూ నవ్వారు. నేను గెలిచాననుకున్నాను.

ఓదెలన్న గళ్లు

ఓదెలన్న సన్నటి మనిషి. మీసంలో ఎప్పుడూ ఒక దూది పోగు ఉండేది. ఇంట్లో రెండు మగ్గాలు, వీధిలో ఇంకో నాలుగు మగ్గాలకు నమూనాలు ఇచ్చేది ఆయనే. నమూనాలు వేసింది మాత్రం ఎక్కువగా ఆయన తండ్రి. గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో, ఒక్కో గడికి ఇన్ని పోగులు అని లెక్కకట్టి వేసేవాడట. తండ్రి పోయిన తర్వాత ట్రంకుపెట్టెకు అడుగు నుంచి చెదలు పట్టింది. మిగిలిన కాగితాలు ముట్టుకుంటే పొడి అవుతుంటే, ఓదెలన్న కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

ఎట్లా ఎక్కించాడంటే, ఆఫీసుల్లో లెక్కలు వేసుకునే గళ్ల షీటు ఉంటుంది కదా, అందులో. ఒక్క అంకె లేదు. ఒక్కో గడిని ఎర్రగా, నల్లగా, పసుపుగా నింపుతూ పోయాడు. చదువుకున్నవాళ్లు చూస్తే నవ్వుతారు. నేను చూసినప్పుడు నా మెడ దానంతట అదే ముందుకు వంగింది. ఒక్కో ఫైలుకు పేరు, ఆ నమూనాను మొదట ఎవరింటికి నేశారో ఆ ఇంటిది. మేనత్త పెండ్లి. తాటిచెట్టు కొమురయ్య. టెంటు దుకాణం పెద్దది. నాయిన ఆఖరుది. మొత్తం నూటికి పైనే.

మొదటిసారి వచ్చినప్పుడు పెట్టె బల్ల మీద దించకముందే మొదలుపెట్టాడు. "అక్కా, నా గళ్లు పోయినయి. అన్నీ బాణాలైనయి. కాయితాలు గూడ లేవు ఇగ."

"ఫికర్ జేయకు ఓదెలన్నా. కూసో."

నల్ల తెర, అక్షరాల వరుస, ఎంటర్. అన్నీ వచ్చాయి. ఆయన తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరు పైకి చదువుకుంటూ సరిచూసుకున్నాడు. ఆయనతో పాటు నేనూ విన్నాను. వైరస్‌ను వెతికే ప్రోగ్రాం నడిపితే చివర్లో పచ్చ టిక్కు వచ్చింది. "మంచిగైంది, తీస్కపో" అన్నాను.

నెల తిరక్కుండానే మళ్లీ బాణాలు. "ఆ జిరాక్సు సెంటర్ల పెన్‌డ్రైవ్ పెట్టినవా?" అని ఆయననే గదమాయించాను. పెట్టాడట. ఇక తప్పు ఆయనది అయిపోయింది. మళ్లీ కడిగాను, మళ్లీ పచ్చ టిక్కు. ఆయన సంతోషం పట్టలేక రెండు రోజుల తర్వాత ఒక జంపఖానా తెచ్చాడు. ఎరుపు, నలుపు వజ్రాల గళ్లు. "నాయిన ఆఖరు నమూనా ఇది. గీ బల్ల మీద ఏస్కో అక్కా. నీ దగ్గరికచ్చిన పెట్టెలకు గీతలు పడయి." వేసుకున్నాను. వచ్చినవాళ్లందరికీ చూపించాను.

మూడోసారి వచ్చినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. వెతికితే, కంప్యూటర్ ఆన్ చేయగానే చడీచప్పుడు లేకుండా లేచే ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. తీసేశాను. ఒకటి దొరికిందంటే ఇంకోటి ఉండొచ్చు అని ఇంట్లో బొద్దింకల విషయంలో ఏ ఆడమనిషికైనా తెలుసు. నాకు మాత్రం దొరికిన దాన్ని చూసి పొంగిపోవడమే సరిపోయింది.

సారు వెనక నుంచి చూశాడు. "మూడుసార్లాయె కనకమ్మా. పేన్లు తీస్తానవు, గుడ్లు ఉంటానయి. కాపీ తీసి గుండు కొట్టు."

"అవసరం లేదు సారు."

ఎందుకు వద్దన్నానో నిజం చెబుతాను. షాపులో అప్పుడు నలుగురు నిలబడి ఉన్నారు. ఫార్మాట్ కొట్టని అక్క ఫార్మాట్ కొడితే వాళ్లు ఏమనుకుంటారు? అంతే కారణం. దీనికి ఇంజనీరింగ్ పేరు ఏదైనా ఉంటే మీరు పెట్టుకోండి.

సరోజన మాట

నాలుగోసారి ఓదెలన్న ఒక్కడే రాలేదు. భార్య సరోజన కూడా ఆటోలో వచ్చింది. పెట్టెను ఆమే మోసుకొచ్చి బల్ల మీద, వాళ్లిచ్చిన జంపఖానా మీదే దించింది.

ఈసారి బాణాలు లేవు. ఫైళ్లు ఉన్నాయి గానీ పేర్లు సగం చెరిగి, వాటి చోట ఏవో పిచ్చి అక్షరాలు. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఇంగ్లీషులో ఒక చీటీ. నేను అక్షరాల వరుస కొట్టాను. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాను. మూడోసారి కొడుతుంటే సారు వచ్చి నా చెయ్యి పక్కకు జరిపి చీటీ చదివాడు.

"ఏమంటది సారు?" అన్నాడు ఓదెలన్న.

"అన్నిటికి తాళం ఏసిన్రట. పైసలు పంపితే తీస్తరట. పంపకు. పంపినా తీస్తరని నమ్మకం లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "కాపీ ఉన్నదా?"

"లేదు."

ఆయన పంతులు సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, పోట్లాడటానికి నాకు ఏదో ఒకటి దొరికేది.

మాట్లాడింది సరోజన. గొంతు పెంచలేదు. "మూడుసార్లు మంచిగైంది అన్నవు గదక్కా. ఏం మంచిగైంది?"

"ఇది కొత్తది సరోజనా. అది వేరే వైరస్, ఇది వేరే."

"మా ఇంట్ల పడుగుకు బూజు పడితే ఏం జేస్తమో ఎరుకేనా? ఒక్క పోగు ఏరుకుంట కూసోం. మొత్తం కోసి పారేసి, మగ్గం కడిగి ఎండకు పెట్టి, కొత్త పడుగు ఎక్కిస్తం. ఎందుకు భయం లేదంటే, నమూనా మగ్గం మీద ఉండది. గోడకు ఉంటది. నువ్వు నమూనాను మగ్గం మీదనే ఉంచి బూజు ఏరుకుంట కూసున్నవు. మూడుసార్లు."

కంప్యూటర్ సైన్సులో పెద్ద డిగ్రీలున్నవాళ్లు మా షాపుకు వచ్చి రిజిస్ట్రీ అనీ, రూట్ అనీ చాలా చెప్పారు. ఈ పనిలో తెలుసుకోవాల్సింది ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. చెప్పినామె కంప్యూటర్‌ను ముట్టుకున్నది మోయడానికి మాత్రమే.

కొత్త వైరస్ అని రెండు రోజులు నేను కనబడినవాళ్లందరితో వాదించాను. నిజమే కావచ్చు కూడా. పాతదే తలుపు తీసి దీన్ని పిలిచి ఉండొచ్చు, ఇదే సొంతంగా వచ్చి ఉండొచ్చు. ఏదైతేనేం, కాపీ లేదన్నది మాత్రం రెండు దారుల్లోనూ నిజమే. కడిగేవాళ్లకు వచ్చే జబ్బు ఇది. తుడిచేవాడికి భయం ఉంటుంది, భయం ఉంటుంది కాబట్టి కాపీ తీస్తాడు. కడిగేవాళ్లం మేమేమీ పోగొట్టడం లేదని ధైర్యంగా ఉంటాం.

పేర్లు, పోగులు

మూడో రోజు ఓదెలన్న ఒక్కడే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వీధిలో నాలుగు మగ్గాలు ఖాళీగా ఉన్నాయట. ఉన్న నమూనాలు అయిపోయాయి, కొత్తవి ఇవ్వడానికి లేవు.

"నేసిన జంపఖానాలు ఇండ్లల్ల ఉంటయి గదా. పట్టుకొని గళ్లు లెక్కపెడ్తె మళ్ల ఎక్కించుకోవచ్చు. గని ఏ ఇండ్లు అన్నది అన్నీ యాదికొస్తలేవు. పేర్లు ఆ ఫైళ్లకే ఉండె" అన్నాడు.

తెర మీద పేర్లు సగం పిచ్చి అక్షరాలైపోయాయి. కానీ మూడుసార్లు ఆయన వేలు పెట్టి చదువుతుంటే నేను పక్కన కూర్చుని విన్నాను కదా. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. మేనత్త పెండ్లి. తాటిచెట్టు కొమురయ్య. బ్యాండు మేళం ఎల్లయ్య. రైసుమిల్లు సేటు చిన్నది. రైసుమిల్లు సేటు పెద్దది. ఆయన రాసుకుంటూ పోయాడు. నూటా నాలుగు చెప్పాను. ఇంకో రెండో మూడో ఉండాలని ఆయన అన్నాడు. అవి నాకు రాలేదు.

జాబితా అయిపోయాక లేచి, "తియ్యి ఆ పెట్టెలన్ని. గా జంపఖానా గూడ ఒకటి" అన్నాడు. బల్ల మీది కంప్యూటర్లన్నీ కింద దించి జంపఖానా తీసి ఇచ్చాను. బాగుచేసినందుకు ఇచ్చిన బహుమానం. మొదట లెక్కపెట్టింది దానివే పోగులు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు మేము ముగ్గురం ఇండ్లు తిరిగాం. ఓదెలన్న పోగులు లెక్కపెడతాడు, సరోజన రాస్తుంది, నేను జంపఖానా అంచు పట్టుకుని సాగదీస్తాను. నా స్థాయి మళ్లీ అక్కడికి వచ్చింది. తాటిచెట్టు కొమురయ్య ఇంట్లో అది బాత్రూముకు పరదా అయి ఉంది. టెంటు దుకాణంలో దాని మీద ఎన్ని పెండ్లిళ్ల పప్పు ఒలికిందో, ఎరుపు ఏదో పసుపు ఏదో ముగ్గురం మూడు మాటలు చెప్పాం. మేనత్త ఇంట్లో దాని మీద పడుకున్న ముసలాయన లేవనన్నాడు. ఆయన ఒక పక్కకు ఒత్తిగిలితే ఈ సగం, మరో పక్కకు ఒత్తిగిలితే ఆ సగం లెక్కపెట్టాం.

రైసుమిల్లు సేటు భార్య తలుపు దగ్గరే ఆపింది. "వైరస్ వచ్చిందంటాన్రు గద. మా జంపఖానాకు గూడ అంటుతదా?"

"అంటదు. మా అక్క మూడుసార్లు కడిగితెనే అంటుతది" అంది సరోజన. నా వైపు చూడలేదు.

చివరికి డెబ్భైకి అటూ ఇటూ దొరికాయి. మిగతావి చిరిగి మసిగుడ్డలయ్యాయి, లేదా ఆ ఇండ్లవాళ్లు ఎటు వెళ్లారో తెలియలేదు. ఆగిన నాలుగు మగ్గాల్లో మూడు మళ్లీ నడిచాయి. నాలుగోది నడవలేదు. అది నేసే మనిషి ఈ లోపల ఒక గోదాములో వాచ్‌మన్‌గా కుదిరాడు, మగ్గం విప్పి అటక ఎక్కించాడు. నా వల్లనే అని ఆయన ఎప్పుడూ అనలేదు. నేను అంటున్నాను.

ఓదెలన్న కంప్యూటర్‌ను నా చేత్తోనే తుడిచిపెట్టాను. షాపులో జనం నిండుగా ఉన్న సమయం చూసి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. వాళ్ల వాళ్ల కంప్యూటర్ల గురించే వాళ్ల బెంగ. ఇన్నేండ్లు ఎవరి కోసం ఆ పేరు కాపాడుకున్నానో నాకే అర్థం కాలేదు.

స్టూలు

ఇక అడిగిన దానికి జవాబు. క్లీనా, ఫార్మాటా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న కంప్యూటర్‌ను కాదు, మనిషిని అడగాలి. ఓదెలన్న సంగతి జరిగాక ఆ స్టూలు ఎప్పుడూ నా బెంచీ పక్కనే ఉండేది. వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని నాకు జవాబు చెప్పేదాకా నేను ఏ బొత్తామూ నొక్కేదాన్ని కాదు. "ఇందుల ఏది పోతే ఏడుస్తవు?"

మొదట చెప్పేది నమ్మకండి. అందరూ "ఏం లేదక్కా" అంటారు. చాయ ఇప్పించి మళ్లీ అడగండి. అప్పుడు చచ్చిపోయిన తల్లి గొంతు రికార్డు అంటారు, బిడ్డ పుట్టినప్పటి ఫోటోలు అంటారు. ఒక పెద్దమనిషి అయితే మూడో చాయ దాకా లాగి, తను రాసుకున్న భజన పాటలు ఉన్నాయని సిగ్గుపడుతూ చెప్పాడు. అవి బయటికి తీసి, తెరిచి చూపించి, అవునని తల ఊపిన తర్వాత మొత్తం తుడిచేయండి. లోపలి ఫైళ్లే తీసుకోండి, ప్రోగ్రాములు తీసుకోకండి, పురుగు వాటిలోనే కూర్చుని వస్తుంది. తీసినవి కూడా వెతికే ప్రోగ్రాంతో చూసి గానీ వెనక్కి ఎక్కించకండి. పాస్‌వర్డులు వేరే ఫోన్‌లోంచి మార్చుకోమని చెప్పండి. ఏదో ప్రకటనలు పైకి లేస్తున్నాయంటే అంతవరకు కడిగి ఇవ్వండి, దానికి గుండు అక్కర్లేదు. లోపల ఎవరు కూర్చున్నారో తెలియనప్పుడు మాత్రం కడగకండి. పచ్చ టిక్కు చూసి మురవకండి. ఓదెలన్న కంప్యూటర్‌కు మూడుసార్లూ పచ్చ టిక్కే వచ్చింది.

ఇంకొకటి. కడిగేవాళ్లకు బత్తాయిలు వస్తాయి, తుడిచేవాళ్లకు తిట్లు వస్తాయి. మీకు బత్తాయిలు మరీ ఎక్కువగా వస్తున్నాయంటే ఏదో తప్పు చేస్తున్నారని అనుమానపడండి. మొగిలి సార్‌ను నేను చాలా ఎగతాళి చేశాను, ఇందులోనూ చేశాను. కానీ ఆయన తప్పు చేసి, నోరు మూసుకుని మారాడు. నేను మంచి పేరు తెచ్చుకుని, నోరు తెరుచుకుని తప్పు చేశాను.

నేను బెంచీ దిగిన ఏడాది ఓదెలన్న మళ్లీ వచ్చాడు. జుట్టు తెల్లబడింది గానీ మీసంలో దూది పోగు అట్లాగే ఉంది. పెట్టె బల్ల మీద పెట్టాడు. "మళ్లేదో సొచ్చింది అక్కా. గుండు కొట్టు."

నేను స్టూలు చూపించాను. "కూసో. ఏది పోతే..."

"ఏది పోయినా ఏడ్వ." చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించి మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. నా చేతికి ఇవ్వలేదు. "ఇసొంటిదే ఇంకోటి మా చెల్లె ఇంట్ల ఉన్నది. కాయితాల మీద గూడ గీసినం. సరోజన గోడకు కొట్టింది."

"నా మీద నమ్మకం లేదా ఓదెలన్నా?"

"లేదక్కా" అన్నాడు, కూరలో ఉప్పు లేదన్నంత మామూలుగా. "నేను చాయ తాగొస్త."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లాడు. పోగులు లెక్కపెట్టడానికి తీసుకుపోయిన జంపఖానా ఆయన తిరిగి తేలేదు, నేనూ అడగలేదు. ఉత్త బల్ల మీదే పెట్టె పెట్టుకుని తుడవడం మొదలుపెట్టాను. నేను ముగించేసరికి ఆయన ఇంకా రాలేదు. తలుపులోంచి చూస్తే ఎదురుగా హోటల్ దగ్గర నిలబడి ఎవరితోనో నవ్వుతూ రెండో చాయ తాగుతున్నాడు.